ఇరవైమూడు మ్యాచ్‌ల యెషయా

విజయవాడ
12 ఫిబ్రవరి 1989

మౌలాలి మామయ్యకు, నీ మేనకోడలు దేవకృప వందనాలు.

అమ్మ బాగానే ఉంది. బీపీ మాత్ర వేసుకున్నానని అబద్ధం చెప్పడం కూడా బాగానే సాగుతోంది. ఎలీసబెతు అత్తయ్య పంపిన కారప్పూస రెండు రోజుల్లో అయిపోయింది. ఇప్పుడు ఆ డబ్బా తిరిగి పంపమని అమ్మ నా ప్రాణం తీస్తోంది.

అసలు సంగతికి వస్తాను. మీ బజార్ రోవర్స్ క్లబ్ కార్యదర్శి అబ్రహాం గారు మా పత్రికాఫీసుకి ఉత్తరం రాశారు. జూలైలో నువ్వు రైల్వే నుంచి రిటైరవుతున్నావు కాబట్టి, మే పదమూడున క్లబ్బు తరఫున నీకు సన్మానం చేస్తారట. సావనీరు కూడా వేస్తున్నారు. అందులో నీ ఆటనీ నీ కెరీర్‌నీ మొదటి నుంచి చివరి దాకా అంచనా వేస్తూ పెద్ద వ్యాసం ఉండాలట. అది నేనే రాయాలట. "దేశం తరఫున ఇరవైమూడు మ్యాచ్‌లు ఆడినవాడి మేనకోడలు పత్రికలో ఉండగా బయటివాళ్ళు ఎందుకమ్మా" అని రాశారు. ఒప్పుకున్నాను.

ఒప్పుకున్నాక భయం పట్టుకుంది. నేను పుట్టేసరికే నువ్వు బూట్లు విప్పేశావు. నీ ఆట గురించి నాకు తెలిసిందంతా అమ్మ చెప్పిందే. ఆవిడ లెక్కలో నీ కాలికి తగిలిన బంతి చెప్పినట్టు వినేది, నువ్వు లేకపోతే ఇండియాకి ఫుట్‌బాలే లేదు. ఆట వల్ల నీకు ఉద్యోగం వచ్చిందనీ, ఆ జీతంతోనే తనకి టీచర్ ట్రైనింగ్ చదువు చెప్పించావనీ ఇప్పటికీ వారానికోసారి చెబుతుంది. అది చెల్లెలి మాట. పత్రికకి అది చాలదు.

అందుకని నువ్వే చెప్పు. మీ రోజుల్లో హాఫ్‌బ్యాక్ అన్నదాన్ని ఇప్పుడు మిడ్‌ఫీల్డర్ అంటున్నారు కదా, ఆ పని ఏమిటి? నీలో బలం ఏమిటి, లోపం ఏమిటి? నీ జీవితంలో అన్నిటికంటే గొప్ప మ్యాచ్ ఏది? మొహమాటం లేకుండా రాయి. నేను కూడా ఉన్నదున్నట్టే రాస్తాను.

నీ
దేవకృప


మౌలాలి
20 ఫిబ్రవరి 1989

కృపా,

నీ ఉత్తరం అందింది. డబ్బా పంపొద్దు, మీ అత్తయ్య దగ్గర అలాంటివి పద్నాలుగు ఉన్నాయి.

సన్మానం వద్దని అబ్రహాంకి మూడుసార్లు చెప్పాను. వాడు వినడు. మా గోల్‌కీపర్‌గా ఉన్నప్పుడూ ఎవరి మాటా వినేవాడు కాదు, అందుకే అన్ని గోల్స్ తిన్నాం. ఇప్పుడు నిన్ను ముగ్గులోకి దింపాడు.

అడిగావు కాబట్టి చెబుతాను. హాఫ్‌బ్యాక్ అంటే ముందున్న ఫార్వర్డ్‌లకీ వెనకున్న బ్యాకులకీ మధ్య నిలబడి, అటు తిట్లూ ఇటు తిట్లూ తినేవాడు. గోల్ కొడితే ఫార్వర్డ్‌ని ఎత్తుకుంటారు. గోల్ పడితే హాఫ్‌బ్యాక్ ఎక్కడ చచ్చాడని అడుగుతారు. నా కుడికాలు మంచిది, అది ఒప్పుకుంటాను. ఎడమకాలు రోడ్డు దాటడానికి పనికొచ్చేది. తలతో బంతి కొట్టాలంటే క్రాఫు చెదురుతుందని బెంగ. ఒక్క విద్య మాత్రం ఉండేది. గ్రౌండ్ ఈ పక్క నుంచి ఆ పక్క మూలకి, నలభై గజాలు, పరుగెత్తే మనిషి కాళ్ళ ముందు పడేలా బంతి వేసేవాణ్ణి. అది గాలిలో ఉండగానే జనం లేచి నిలబడేవాళ్ళు. ఆ నలభై గజాల మీదే నేను పేరు తెచ్చుకున్నాను.

ఇప్పుడు ఎవరూ అడగనిది చెబుతాను. ఆ బంతి నా కాలి దగ్గరికి ఎలా వచ్చింది? నా పక్కన జిలానీ ఆడేవాడు. రెజిమెంటల్ బజార్‌లో ఇప్పుడు స్టవ్‌లూ గొడుగులూ బాగుచేసే కొట్టు నడుపుతున్నాడు. అవతలివాడు బంతి ఎటు ఇస్తాడో ఇవ్వకముందే వాడికి తెలిసేది. వాడు కింద పడి, బురద పూసుకుని లాక్కోవడం ఎప్పుడూ చూడలేదు. నడుచుకుంటూ వెళ్ళి నిలబడేవాడు, బంతి వాడి దగ్గరికే వచ్చేది. తీసుకుని అయిదు గజాల అవతల ఉన్న నాకు ఇచ్చేవాడు. అయిదు గజాల పాసుకి ఎవరు చప్పట్లు కొడతారు? నా పాస్ తప్పి బంతి అవతలివాడికి పోతే, నేను నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి బాధపడేవాణ్ణి. నా బదులు వెనక్కి పరుగెత్తేది వాడు. వాడు నాకంటే మంచి ఆటగాడు. ఇది రాస్తే రాయి, లేకపోతే వ్యాసమే మానెయ్.

మా కాలనీలో నీళ్ళు రోజు విడిచి రోజు వస్తున్నాయి. మీ అమ్మ కాంతమణిని మాత్రలు వేసుకోమని నేను చెప్పానని చెప్పు.

మామయ్య
యెషయా


విజయవాడ
3 మార్చి 1989

మామయ్యా,

నీ ఉత్తరం ఆఫీసులో చదివితే మా సబ్ ఎడిటర్లందరూ చుట్టూ చేరారు. ఎడమకాలు సంగతి రెండుసార్లు చదివించుకున్నారు. ఒకాయన అన్నాడు, పెద్ద ఆటగాళ్ళందరూ ఎదుటివాళ్ళని తక్కువ చేసే రోజుల్లో, తన పేరంతా తోటివాడికి పంచిపెట్టే మనిషిని ఇప్పుడే చూస్తున్నానని. నాకు ఎంత గర్వంగా అనిపించిందో.

వ్యాసం మొదలు దొరికింది. "ఆట కంటే పెద్దది ఆయన వినయం" అని మొదలుపెట్టాను. చదివి వినిపిస్తే అమ్మ కళ్ళు తుడుచుకుంది. నువ్వు ఏడో తరగతిలో నీ టిఫిన్ ఎవరికో ఇచ్చేసి ఆకలితో ఇంటికొచ్చిన కథ కూడా చెప్పింది. అదీ చేరుస్తున్నాను.

ఈ నెల మధ్యలో ఆఫీసు పని మీద సికింద్రాబాద్ వస్తున్నాను. జిలానీ గారిని కలిసి నీ గురించి నాలుగు మాటలు తీసుకుంటాను. పక్కన ఆడినవాడి మాటకి ఉండే విలువ వేరు కదా.

అత్తయ్యకి ముద్దులు.

నీ
కృప


మౌలాలి
9 మార్చి 1989

కృపా,

వినయం అనే మాట కొట్టెయ్. నేను వినయంతో రాయలేదు, ఉన్నమాట రాశాను. రెండింటికీ తేడా తెలియకపోతే మీ పత్రిక ఎలా నడుస్తోందో నాకు అర్థం కావడం లేదు. టిఫిన్ కథ కూడా తీసెయ్. ఆ రోజు డబ్బాలో కాకరకాయ వేపుడు ఉంది, అందుకే ఇచ్చేశాను.

జిలానీని కదిలించొద్దు. వాడికి చెవులు సరిగా వినపడవు. పనిలో ఉన్నప్పుడు మనుషులు వస్తే చిరాకుపడతాడు. పాత సంగతులు వాడికి గుర్తు కూడా ఉండవు. నీకు కావలసింది అబ్రహాం చెబుతాడు, వాడు అడక్కపోయినా చెబుతాడు.

నాకు కాజీపేటలో ఇన్‌స్పెక్షన్ డ్యూటీ పడేలా ఉంది. నువ్వు వచ్చేరోజు ముందుగా తెలియజేస్తే ఇంట్లో ఉండేలా చూసుకుంటాను. ఇంటికే రా, అటూ ఇటూ తిరగకు.

మామయ్య


విజయవాడ
22 మార్చి 1989

మామయ్యా,

నీ మాట వినలేదు, కోప్పడకు. శనివారం వచ్చేసరికి నువ్వు కాజీపేటలో ఉన్నావు. అత్తయ్య అన్నం పెట్టి, నిద్రపొమ్మంది. నేను మల్కాజ్‌గిరి దాకా నడిచి, బస్సెక్కి, అబ్రహాం గారిని వెంటబెట్టుకుని జిలానీ గారి కొట్టుకి వెళ్ళాను. మనిషికి చెవులు వినపడవని రాశావు. గల్లీ చివర ఎవరో తన కొట్టు ఎక్కడని అడిగితే, స్టవ్ బర్నర్ ఊదుతూనే కొట్టులోంచే సమాధానం చెప్పారు. మీ ఇద్దరి మధ్యా ఏదైనా చిన్న మాట పట్టింపు ఉందేమో అనుకున్నాను. ఉంటే అది నీ వైపు నుంచే. ఆయన వైపు ఏమీ లేదు.

రెండు గంటలు మాట్లాడారు. ఆయన భార్య హజీరా గారు మూడుసార్లు చాయ్ పంపారు. ఆయన మాటలు అలాగే రాసుకున్నాను, చదువు.

"నీ మామ ముచ్చట నన్నడిగితే ఏం జెప్పాలె బిడ్డా. మేమిద్దరం పక్కపక్కన ఆడినం. గప్పుడు నాకు జెర గర్వం ఉండె, నేను సుత యెషయా లెక్కనే ఆడుతున్న గద అని. యాభై ఏడుల కలకత్తాల ఇండియా టీమ్ క్యాంపు పెట్టిన్రు, ఆడికెళ్ళి నాకు ఖతొచ్చింది. ఇంగ్లీషుల ఉండె. మా టీమ్‌ల ఇంగ్లీషు ఖతులన్నీ నీ మామనే సదివేటోడు, జవాబు సుత ఆయన్నే రాసేటోడు, మిషన్ స్కూల్ల సదివిండు గద. ఇద్దరి పేర్లున్నయి, ఒంట్ల ఎట్లున్నదని అడుగుతున్నరు అని చెప్పిండు. నా మోకాలు వాచి ఉండె, ఎముకలు సరిజేసే పహిల్వాన్ కాడ కట్టు కట్టించిన. పదిదినాలల్ల ఠీకయింది. గని నన్ను పిలువలే, ఆయన్ని పిలిచిన్రు. నాల్గు దినాలు తక్లీఫ్ అయింది. తర్వాత సమజైంది. గంత పెద్దోళ్ళు ఇద్దరి ఆటా చూసి ఒకన్ని తీసుకున్నరంటే ఉత్తగనే తీసుకుంటరా. గప్పటికెళ్ళి నా హద్దు నాకు తెలుసు. నా కొడుకులకు సుత గదే చెప్తా, ఎవని హద్దు వాడు తెలుసుకోవాలె అని. పెద్దోడు ఇమాం వలి ఇంజనీరింగు పరీక్ష రాస్తనన్నడు. వద్దు బేటా, మనం గంతోళ్ళం కాదు అని చెప్పి ఈ కొట్టుల కూసోబెట్టిన."

ఎంత మంచి మనిషి మామయ్యా. నీ వినయం ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు తెలిసింది, ఇద్దరూ ఒకే చోట నేర్చుకున్నట్టున్నారు.

ఇంకో శుభవార్త. మే పదమూడున నీకు శాలువా కప్పడానికి ఎవరో ఆఫీసర్ని పిలుద్దామని క్లబ్బు వాళ్ళు అనుకుంటుంటే, జిలానీ గారి చేత కప్పిద్దామని నేను అన్నాను. అబ్రహాం గారు అక్కడికక్కడే ఒప్పుకున్నారు. జిలానీ గారు లోపలికి కేక వేసి, షేర్వానీ ఎండలో వెయ్యమని హజీరా గారికి చెప్పారు.

ఈస్టర్ శుభాకాంక్షలు ముందుగానే.

నీ
కృప


మౌలాలి
27 మార్చి 1989

దేవకృపకు,

నీ ఉత్తరం శనివారం అందింది. నిన్న ఈస్టర్ ఆరాధనకి దాన్ని జేబులో పెట్టుకునే వెళ్ళాను. చర్చిలో సంఘ పెద్దని కాబట్టి ప్రభువు బల్ల దగ్గర రొట్టె పళ్ళెం పట్టుకునేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఒంట్లో బాగాలేదని చెప్పి లేచి బయటికి వచ్చేశాను. మీ అత్తయ్య ఇంటికొచ్చి జ్వరం చూసింది. జ్వరం లేదు.

ముప్ఫైరెండేళ్ళుగా ఎవరికీ చెప్పనిది నీకు రాస్తున్నాను. చదివాక నన్ను మామయ్య అని పిలవాలో వద్దో నీ ఇష్టం.

జిలానీ నీకు చెప్పిన ఖతు సంగతి నిజం. అందులో ఏముందో మాత్రం వాడికి ఇప్పటికీ తెలియదు. మధ్యవరుసలో ఒక్క ఖాళీ ఉందనీ, జిలానీని ఎంపిక చేశామనీ, ఆరోగ్యంగా ఉన్నట్టు పదిహేను రోజుల్లో రాసి పంపమనీ ఉంది. అతను రాలేని పరిస్థితిలో ఉంటే రెండో పేరు యెషయాని పిలుస్తామని కింద ఒక్క వాక్యం ఉంది. మొదటి పేరు వాడిది కృపా. నాది వాడు రాకపోతేనే పనికొచ్చే పేరు.

క్లబ్బు వరండాలో మెట్ల మీద కూర్చున్నాం. వాడు కాలు చాపుకుని, మోకాలికి పసుపు కట్టుతో ఉన్నాడు. నేను ఉత్తరం మొత్తం ఒకసారి లోపల చదువుకున్నాను. అప్పుడు నా మనసులో ఏం జరిగిందో సరిగా చెప్పలేను. దుర్మార్గం చెయ్యాలని అనుకోలేదు. నా పేరు కింద ఉందనే మంట ఒక్కటే తెలుసు. జనం లేచి నిలబడేది నా పాసుకి, వీడికి కాదు కదా అనుకున్నాను. పైకి మాత్రం, "ఇద్దరి పేర్లూ ఉన్నాయి, నీ ఒంట్లో ఎలా ఉందో అడుగుతున్నారు" అన్నాను.

వాడు, "మోకాలు వాచింది, పదిదినాలల్ల ఉరుకుతనని పహిల్వాన్ చెప్పిండు అని రాయి. అబద్ధం వద్దు, ఉన్నది ఉన్నట్టు రాయి" అన్నాడు. నేను రాశాను. మోకాలికి దెబ్బ తగిలి వాచిందనీ, ప్రస్తుతం పరుగెత్తలేకపోతున్నాననీ రాశాను. పది రోజుల మాట రాయలేదు. కింద వాడు ఉర్దూలో సంతకం పెట్టి, నా భుజం తట్టాడు. పోస్టులో వేసింది నేనే.

అబద్ధం రాయలేదు కదా అని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. చదవడం సగం చదివాను, రాయడం సగం రాశాను. ఒక మనిషి బతుకు పోవడానికి అది చాలింది.

పదకొండో రోజున వాడు గ్రౌండ్‌లో పరుగెత్తుతున్నాడు. నేను గట్టున నిలబడి చూశాను. ఇంకో ఉత్తరం రాయడానికి అప్పటికీ నాలుగు రోజుల గడువుంది. రాయలేదు. నాకు పిలుపు వచ్చాక, స్టేషన్‌లో నా పరుపుచుట్ట మోసి బండెక్కించింది వాడే.

నా కెరీర్ అంచనా వెయ్యమన్నావు. ఇదీ ఆ కెరీర్. కలకత్తాలో మొదటి ఏడాదంతా కోచ్ నన్ను తిట్టేవాడు, బంతి పోగొట్టుకుని బొమ్మలా నిలబడతావేమని. నా వెనక పరుగెత్తేవాడు సికింద్రాబాద్‌లో ఉన్నాడని ఆయనకి ఎలా చెప్పను? ఆ ఇరవైమూడు మ్యాచ్‌లూ చూపించే రైల్వేలో గుమాస్తా అయ్యాను. ఆ జీతంతోనే మీ అమ్మని చదివించాను.

ఇన్నాళ్ళూ వాడికి ఉద్యోగం పోయిందనీ పేరు పోయిందనీ మాత్రమే అనుకుంటూ వచ్చాను. వాడు తన హద్దు తెలుసుకున్నాననుకుని బతికాడని నీ ఉత్తరం చూసేదాకా తెలియదు. కొడుకు చదువు కూడా ఆ హద్దు దగ్గరే ఆపేశాడట. ఆ హద్దు గీసింది ఏ పెద్దలూ కాదు, నేను. ఆ మనిషి చేత శాలువా కప్పించుకోవాలా నేను? సిగ్గుతో నాకు నిద్ర రావడం లేదు, అన్నం పోవడం లేదు.

యెషయా


విజయవాడ
4 ఏప్రిల్ 1989

మామయ్యా,

అలాగే పిలుస్తున్నాను, వేరే ఎలా పిలవాలో నాకు తెలియదు.

ఉత్తరం అమ్మకి చూపించకూడదనుకున్నాను. ఆవిడే తీసి చదివింది. తన టీచర్ ట్రైనింగ్ సర్టిఫికెట్ బీరువాలోంచి తీసి కాసేపు చూసి, మళ్ళీ లోపల పెట్టేసింది. సాయంత్రం ఒక్కటే అంది, "అన్నయ్య ఎవరికీ చెప్పకుండా ఉంటే బాగుండేది" అని. నాకు కోపం వచ్చింది. తర్వాత చూసుకుంటే నేనూ అదే అనుకుంటున్నాను.

అందుకే ఇది రాస్తున్నాను. చెప్పకు మామయ్యా. ఆయన ఇప్పుడు ప్రశాంతంగా ఉన్నారు. నువ్వు చెప్పి ఏమిస్తావు? ఆ మ్యాచ్‌లు తెచ్చి ఇస్తావా? అరవై ఏళ్ళ మనిషికి, నీ బతుకు వేరేగా ఉండాల్సిందయ్యా అని చెప్పడం ఏం మేలు? నీ గుండె బరువు దించుకోవడానికి ఆయన నెత్తిన పెట్టినట్టే అవుతుంది. శాలువా వద్దంటే ఆరోగ్యం పేరు చెప్పి సన్మానమే మాన్పించేద్దాం. వ్యాసం నేను ఎలాగో పూర్తి చేస్తాను, వినయం మాట తీసేశాను.

ఇది న్యాయంగా ఆలోచించి రాస్తున్నానో, మా పత్రికలో అందరి ముందూ నీ గురించి అంత గొప్పగా చెప్పుకున్నాను కాబట్టి రాస్తున్నానో నాకే తెలియడం లేదు. రెండోదే అయితే నన్ను క్షమించు.

కృప


మౌలాలి
24 ఏప్రిల్ 1989

కృపా,

నీ ఉత్తరం నాకు ఎంత హాయినిచ్చిందో చెప్పడానికి సిగ్గుగా ఉంది. మూడు రోజులు దాన్ని పదేపదే చదువుకున్నాను. నా పిల్లే చెప్పింది కదా, చదువుకున్నది కదా, అందులో తర్కం ఉంది కదా అనుకున్నాను. అన్నం సయించింది. నాలుగో రోజున ఎలీసబెతు, "ఏమిటి, ఇవాళ హుషారుగా ఉన్నారు" అంది. ఆ మాటకి నా మొహం నాకే అసహ్యమేసింది. ఆ రోజు మెట్ల మీద రాసిన ఉత్తరం పోస్టులో వేసి ఇంటికొచ్చినప్పుడు కూడా ఇలాగే హుషారుగా ఉన్నాను. ముందు మీ అత్తయ్యకి చెప్పాను. ఆవిడ చెప్పులు తెచ్చి నా ముందు పెట్టి, వెళ్ళి రమ్మంది.

పన్నెండో తేదీ సాయంత్రం వెళ్ళాను. రంజాన్ నెల, జిలానీ రోజాలో ఉన్నాడు. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. కొట్టు ముందు భాగంలో వేరే ఎవరూ లేరు. కూర్చోకుండానే చెప్పాను. ఉత్తరంలో ఏముందో, నేను ఏం చదివానో, ఏం రాశానో, ఏం రాయలేదో, పదకొండో రోజున గట్టు మీద నిలబడి చూసిన సంగతితో సహా చెప్పాను. వాడు చేతిలో ఉన్న గొడుగు కమ్మీ విడిచిపెట్టకుండా విన్నాడు.

అంతా అయ్యాక, "అంటే మొదటి పేరు నాదా?" అన్నాడు.

అవునన్నాను.

"నన్నే ఎంచిన్రా? నిన్ను గాదు?"

నిన్నే అన్నాను.

వాడు నవ్వాడు కృపా. కొట్టు వెనక పరదా వైపు తిరిగి, "హజీరా, విన్నవా, మొదటి పేరు నాదంట" అని కేక వేశాడు. ఆవిడ బయటికి వచ్చింది. ఆవిడకి మళ్ళీ చెప్పించాడు. ముప్ఫైరెండేళ్ళలో వాడి మొహం అలా ఎప్పుడూ చూడలేదు. చెంపదెబ్బకి సిద్ధపడి వెళ్ళాను, ఆ సంతోషానికి మాత్రం సిద్ధపడలేదు. అక్కడే నేల మీద కూర్చుండిపోయాను.

కాసేపటికి నవ్వు ఆగిపోయింది. లోపలున్న ఇమాం వలిని పిలిచి ఎదురుగా నిలబెట్టుకుని, కొడుకు మొహంలోకి చాలాసేపు చూశాడు. తర్వాత నా వైపు చూడకుండా, "ఇగ పో" అన్నాడు. వచ్చేశాను.

నువ్వు భయపడ్డదీ నిజమే. ఆ బరువు వాడికి తగిలింది. వారం రోజులు కొట్టు తియ్యలేదని అబ్రహాం చెప్పాడు. అబ్రహాంకి కూడా అంతా చెప్పేశాను. సన్మానం లేదు, సావనీరు లేదు. వాడు నాతో మాట్లాడడం మానేశాడు, నాకు మొదటిసారి వాడి మీద గౌరవం కలిగింది. సంఘ పెద్దగా రాజీనామా రాసి పాస్టరు గారికి ఇచ్చాను, కారణంతో సహా.

తొమ్మిదో రోజు జిలానీయే మౌలాలి వచ్చాడు. గేటు లోపలికి రాలేదు. రోజాలో ఉన్నాడు కాబట్టి మంచినీళ్ళు కూడా ఇవ్వలేకపోయాం. గేటు అవతల నిలబడి అన్న మాటలు ఇవి.

"మాఫీ గీఫీ నన్నడగకు. ఇమాం వలికి ఇరవై ఎనిమిదేండ్లు, వాని సంగతి సుత నన్నడగకు. నువ్వు దేశం తరఫున ఇరవైమూడు మ్యాచ్‌లు ఆడినవ్. గా మ్యాచ్‌లల్ల నేనుంటే ఎట్ల ఆడేటోన్నో నాకు తెల్వాలె. పక్కన నిలవడి నా ఆట చూసినోడివి నువ్వొక్కనివే. ఒక్కొక్క మ్యాచ్ చెప్పు. మెహర్బానీ చేసి గొప్ప చెయ్యకు. నేను తప్పు చేసే కాడ చేసిననే చెప్పు."

శుక్రవారం నుంచి ఆఫీసు అయ్యాక కొట్టుకి వెళుతున్నాను. వాడు స్టవ్ విప్పుతూ ఉంటాడు, నేను చెబుతాను. ఎవరు ఎక్కడ నిలబడ్డారో, బంతి ఎటు వచ్చిందో, నేను ఏం చేశానో, వాడైతే ఏం చేసేవాడో. ఉపవాసం విప్పే వేళకి ఆపేస్తాం. నాకు ఖర్జూరం ఇవ్వడు, హజీరా తెచ్చినా పళ్ళెం తన వైపు జరుపుకుంటాడు. నేనూ ఆశించను.

మూడు అయ్యాయి. రంగూన్ మ్యాచ్‌లో నేను వేసిన పొడుగు పాసు వాడు వెయ్యలేడని చెప్పాను. స్క్రూడ్రైవర్ బల్ల మీద పడేసి, "ఏసేటోన్ని" అన్నాడు. లేదన్నాను. చాలాసేపు గొడవపడ్డాం, చివరికి ఒప్పుకున్నాడు. ఇవాళ సింగపూర్ చెప్పాను. పదిహేడో నిమిషంలో నేను బంతి పోగొట్టుకుని నడుం మీద చేతులు పెట్టుకున్నాను, అవతలివాళ్ళు గోల్ కొట్టారు, మనం ఓడిపోయాం. నువ్వుంటే ఆ గోల్ పడేది కాదు, ఓడిపోయేవాళ్ళం కాదు అన్నాను. "పక్కానా?" అని అడిగాడు. పక్కా అన్నాను. వాడు మళ్ళీ స్టవ్ మీదికి వంగాడు.

నీ వ్యాసానికి నా గొప్ప మ్యాచ్ ఏదని అడిగావు, జవాబే ఇవ్వలేదు నేను. అది నాలుగోది, కలకత్తాలో ఆడింది. ఆ రోజు నేను నిజంగా బాగా ఆడాను కృపా. ఒక్క పాసు తప్పలేదు. జీవితంలో అంత బాగా మళ్ళీ ఆడలేదు. ఈ ముప్ఫై ఏళ్ళలో సిగ్గు ఎక్కువైనప్పుడల్లా, పోనీ ఆ మ్యాచ్ అన్నా నాది కదా అనుకునేవాణ్ణి.

రేపు దాని వంతు. రాత్రంతా గుర్తు చేసుకున్నాను, నిమిషం తర్వాత నిమిషం. వాడైతే ఇంకా బాగా ఆడేవాడు. రేపు వెళ్ళి ఆ మాట చెప్పాలి.

మామయ్య